రెండు దీవుల మధ్య దూరం



శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలలో అండమాను పేరు వినని ఇల్లు అరుదు. చేపల వేటకనీ, తాపీపనికనీ, ఉద్యోగానికనీ సముద్రం దాటిన మనవాళ్ళు తరాల తరబడి అక్కడ కాపురముంటున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. అందుచేత ఈ నెల మన శీర్షికలో చెప్పుకునే సంగతి ఎక్కడో పరాయి దేశపు ముచ్చట కాదు, మన ఇళ్ళలో తరచుగా లేచే ప్రశ్నే.

ఆ ప్రశ్న ఇలా వస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో పని చేసుకుంటున్న కుర్రవాడిని పని మీద కార్ నికోబార్ దీవికి పంపుతారు. ఇక్కడ తల్లిదండ్రులు పటం తెరిచి చూస్తారు. రెండు చుక్కల మధ్య వేలెడు దూరం కూడా కనిపించదు. రెండు చోట్లా విమానాలు దిగే రన్‌వే ఉన్నదని ఎవరో చెబుతారు. ఇంకేమున్నది, గంటలో వచ్చేస్తాడులే అని అందరూ అనుకుంటారు. తీరా ఇంట్లో ఆపద వచ్చి, కబురు పంపినప్పుడు, ఆ బిడ్డ మూడు రోజులకు గాని చేరడు. అప్పుడు బంధువుల నోళ్ళు లేస్తాయి. గంట దూరంలో ఉండి కూడా కన్నతండ్రి ఆఖరి చూపుకు రాలేదని అంటారు. ఆ ఒక్క మాట కుటుంబంలో ఏళ్ళ తరబడి ముల్లులా మిగిలిపోతుంది.

గనుక దూరమంటే ఏమిటి, ప్రయాణ కాలమంటే ఏమిటి, ఈ రెండూ ఎందుకు ఒకటి కావో నిదానంగా చూద్దాం. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని బడి అట్లాసు తెచ్చుకుంటే మరీ మంచిది.

అట్లాసుతో దూరం కొలిచే పద్ధతి

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయ పురం అని కొత్త పేరు ప్రకటించింది. మన ఇళ్ళలో ఇంకా పాత పేరే నలుగుతున్నది గనుక ఇక్కడ దానినే వాడుతున్నాను. అక్కడి విమానాశ్రయం భూమధ్యరేఖకు ఉత్తరంగా 11 డిగ్రీల 38 నిమిషాల అక్షాంశం మీద ఉన్నది. కార్ నికోబార్ రన్‌వే 9 డిగ్రీల 9 నిమిషాల మీద ఉన్నది. డిగ్రీకి 60 నిమిషాలు. మొదటి దానిలో నుండి రెండవది తీసివేయండి. 2 డిగ్రీల 29 నిమిషాలు వస్తుంది, అంటే మొత్తం 149 నిమిషాలు.

ఇవి గడియారపు నిమిషాలు కావు, భూగోళం మీద గీసిన కొలతలు. పూర్వం ఓడ నడిపేవారు ఒక తెలివైన ఏర్పాటు చేసుకున్నారు. అక్షాంశంలో ఒక నిమిషం నడిస్తే ఎంత దూరమో దానినే ఒక సముద్రపు మైలు అన్నారు. దానినే నాటికల్ మైలు అంటారు. ఇప్పటి లెక్కలో అది 1,852 మీటర్లు. విమానాలకు కూడా నేటికీ ఇదే కొలత. కాబట్టి 149 నిమిషాలంటే 149 సముద్రపు మైళ్ళు. దానిని 1.852తో గుణిస్తే సుమారు 276 కిలోమీటర్లు.

మరి తూర్పు పడమరల తేడా మాటేమిటని తెలివైన పిల్లవాడు అడుగుతాడు. అడగాలి కూడా. పోర్ట్ బ్లెయిర్ రేఖాంశం 92 డిగ్రీల 44 నిమిషాలు, కార్ నికోబార్‌ది 92 డిగ్రీల 49 నిమిషాలు. తేడా 5 నిమిషాలే, అంటే 9 కిలోమీటర్లు. ఇంత పొడవైన దారిలో ఆ పక్క జరుగుడు వల్ల మొత్తం దూరం పావు కిలోమీటరు కూడా పెరగదు. ఒకటి నేరుగా మరొకదానికి దక్షిణాన ఉన్నదనుకోవచ్చు.

276 కిలోమీటర్లంటే మనకు బాగా తెలిసిన దూరమే. విజయవాడ నుండి హైదరాబాదుకు రోడ్డు ఎంతో, ఇంచుమించు అంత. అయితే ఆ రోడ్డు మీద టీ కొట్లున్నాయి, ఊళ్ళున్నాయి, బస్సు చెడిపోతే వెనుక ఇంకో బస్సు వస్తుంది. ఇక్కడ నడుమ పెద్ద భాగం నీళ్ళే. లిటిల్ అండమాన్ దాటిన తరువాత కార్ నికోబార్ వచ్చేదాకా సుమారు 150 కిలోమీటర్లు నేల కనబడదు. ఆ జలసంధి పదో అక్షాంశం మీద ఉన్నందున దానికి టెన్ డిగ్రీ ఛానల్ అని పేరు.

గడియారం వేరే లెక్క చెబుతుంది

ఇప్పుడు కాలం చూద్దాం. నౌకాదళం, తీరరక్షక దళం వాడే డోర్నియర్ వంటి చిన్న విమానం గంటకు సుమారు 350 కిలోమీటర్లు పోతుందనుకుంటే, 276 కిలోమీటర్లకు 47 నిమిషాలు చాలు. హెలికాప్టరు గంటకు 240 కిలోమీటర్లు పోతే 69 నిమిషాలు. ఓడ గంటకు 12 సముద్రపు మైళ్ళు పోతే పన్నెండు గంటల పైమాటే, అంటే ఒక రాత్రి ప్రయాణం.

47 నిమిషాలని చదివి సంతోషించేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కార్ నికోబార్ రన్‌వే భారత వైమానిక దళానిది. అది మన గన్నవరం వలె టికెట్టు కొనుక్కొని ఎప్పుడు పడితే అప్పుడు ఎక్కే చోటు కాదు. సామాన్యులు నమ్ముకొన్నది దీవుల పరిపాలన నడిపే హెలికాప్టరు సర్వీసూ, ఓడలూను. హెలికాప్టరులో సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. రోగి ఉంటే రోగికే మొదటి చోటు, అది న్యాయమే. ఓడలో చోటు ఎక్కువ గాని, అది రోజూ ఉండదు. గనుక ప్రయాణం 69 నిమిషాలే అయినా, దాని కోసం వేచి ఉండే కాలం రెండు రోజులు కావచ్చు. వేచి ఉన్న రెండు రోజులు అట్లాసులో ఎక్కడా కనిపించవు.

టికెట్టు మీద వ్రాసే సమయం కూడా గాలిలో ఎగిరే సమయం ఒక్కటే కాదు. విమానం నిలిచిన చోటు నుండి కదలడం, రన్‌వే దాకా నేల మీద నడవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, మెల్లగా పైకెక్కడం, మెల్లగా దిగడం, చివరకు మరల నిలిచే చోటికి చేరడం, ఇవన్నీ అందులో కలుస్తాయి. చెన్నై నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ఆకాశమార్గాన సుమారు 1,370 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల లెక్కన గంటా 43 నిమిషాలే రావాలి. కాని టికెట్టు మీద రెండు గంటల పైచిలుకే ఉంటుంది. ఎవరూ మోసం చేయలేదు, నేల మీది పని కూడా లెక్కలోకి వచ్చింది, అంతే.

రెండు నిమిషాల విమానం

ఈ సంగతి ఇంకా తేటగా కనబడాలంటే స్కాట్లాండు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవులు చూడాలి. అక్కడ వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు చిన్న దీవుల మధ్య 1967 నుండి విమానం నడుస్తున్నది. దూరం సుమారు 2.7 కిలోమీటర్లు. మన పల్లెలో ఊరి నుండి చెరువు దాటి పొలానికి పోయేంత! టైంటేబులులో ప్రయాణ కాలం 2 నిమిషాలు. గాలి అనుకూలంగా ఉన్న ఒక రోజున 53 సెకన్లలోనే దిగినట్లు రికార్డు ఉన్నది. ప్రపంచంలో టైంటేబులు ప్రకారం నడిచే విమాన ప్రయాణాలలో అతి చిన్నదిగా దీనికి పేరు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. 2.7 కిలోమీటర్లకు 2 నిమిషాలంటే గంటకు 81 కిలోమీటర్లు. మంచి రోడ్డు మీద ఎక్స్‌ప్రెస్ బస్సు కూడా ఇంత వేగంతో పోగలదు. విమానం చేతగానిదని కాదు. ఎక్కడానికీ దిగడానికీ పట్టే కాలమే ప్రయాణమంతా తినేస్తున్నది. ఎంత దగ్గరి ప్రయాణమైతే ఈ మొదలూ చివరా అంత బరువవుతాయి.

అంత దగ్గరకు విమానమెందుకని నవ్వుకోనక్కర లేదు. పాపా వెస్ట్రేలో ఉండేది వందమంది లోపే. ఉపాధ్యాయుడు, వైద్యుడు, రోగి, బడిపిల్లలు, అందరికీ ఆ ఎనిమిది సీట్ల చిన్న విమానం అక్కరకు వస్తున్నది. ఉత్తర సముద్రపు గాలివానలో పడవ దారి ఎంత కష్టమో అక్కడివారికి తెలుసు. వందమంది ఉన్న చోటైనా చేరి తీరవలసినదే అని ఒక సమాజం నిర్ణయించుకొంటే, అది ఇలాగే ఉంటుంది.

గాలీ, వెలుతురూ

మరల మన దీవులకు వద్దాం. దూరం మారకపోయినా కాలాన్ని మార్చేవి రెండున్నాయి. మొదటిది గాలి. గంటకు 240 కిలోమీటర్లు పోయే హెలికాప్టరుకు 55 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల లెక్కన మిగిలేది 185 మాత్రమే. అప్పుడు 69 నిమిషాల దారికి గంటన్నర పడుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనుక నుండి తోస్తే 56 నిమిషాలలో వస్తుంది. పోతే వచ్చింది, సరికి సరి అనుకుంటాం. కూడి చూడండి. గాలి లేని రోజున రానూ పోనూ 138 నిమిషాలు. గాలి ఉన్న రోజున 146. గాలి ఒక వైపు తీసుకొన్నంత రెండవ వైపు తిరిగి ఇవ్వదు. ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం గనుక నష్టమే పైచేయి అవుతుంది. గాలి ఇంకా ముదిరి వానతో కలిస్తే ఆ రోజు ప్రయాణమే ఉండదు. మే నెల నుండి నైరుతి, అది వెళ్ళిన తరువాత ఈశాన్యం, రెండు ఋతుపవనాలూ ఆ దీవులను తడుపుతాయి.

రెండవది పగటి వెలుతురు. మన దేశమంతటికీ గడియారం ఒక్కటే. ఆ గడియారానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతున్నది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు కాకినాడ కంటే సుమారు 41 నిమిషాలు ముందుగా నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకు కాస్త అటూ ఇటూగా అక్కడ పొద్దు కుంకుతుంది. గడియారం మాత్రం మనదే!

ఇందులో ఉన్న ప్రాణసంకటం చూడండి. కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పేరున ఆసుపత్రి ఉన్నది. అక్కడ నయం కాని జబ్బయితే రోగిని పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి తేవలసి వస్తుంది. హెలికాప్టరు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నదనుకోండి. అది ముందు అక్కడికి పోవాలి, 69 నిమిషాలు. రోగిని ఎక్కించుకోవాలి, 20 నిమిషాలు. తిరిగి రావాలి, మరో 69 నిమిషాలు. మొత్తం 158 నిమిషాలు. చీకటి పడకముందే దిగాలంటే డిసెంబరులో మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలకు ముందే అది బయలుదేరాలి. మధ్యాహ్నం నొప్పి మొదలైనప్పుడు సాయంత్రం దాకా చూద్దాంలే అనుకొన్నవారికి సాయంత్రమే ఉండదు. దీవులలో కాపురమున్న మన ఆడబిడ్డలు, ముఖ్యంగా నెలలు నిండుతున్నవారు, ఈ లెక్క తప్పక మనసులో ఉంచుకోవాలి. డాక్టరు పెద్దాసుపత్రికి వెళ్ళమన్న రోజునే, పొద్దుటే కదలాలి.

ఆ రన్‌వే చూసిన రోజులు

ఈ 276 కిలోమీటర్ల చివర ఉన్న రన్‌వేకు ఒక చరిత్ర ఉన్నది. 1942లో జపాను సైన్యం ఈ దీవులను పట్టుకొన్నది. కార్ నికోబార్‌లో విమానాల బాట వేయడానికి అక్కడి ప్రజల చేత బలవంతంగా చాకిరీ చేయించింది. గూఢచారులన్న నింద మోపి అనేకులను చంపింది. నికోబారు ప్రజలలో అధిక సంఖ్యాకులు క్రైస్తవులు. పందొమ్మిదవ శతాబ్దం చివరిలో అక్కడికి వెళ్ళిన వేదప్పన్ సాలొమోను అనే తమిళ ఉపదేశకుడు మూస్ గ్రామంలో బడి పెట్టారు. ఆ బడిలో చదివి, బర్మాలోని మాండలేలో విద్య నేర్చి వచ్చినవారే జాన్ రిచర్డ్‌సన్. జపానువారు ఆయనను కూడా చెరలో వేశారు. 1945లో యుద్ధం ముగియడంతో ప్రాణాలతో బయటపడ్డారు. తరువాత బిషప్పు అయ్యారు, 1952లో మొదటి లోక్‌సభకు నామినేటు అయ్యారు, క్రొత్త నిబంధనను తమ ప్రజల భాషలోకి తెచ్చారు. 1978లో మరణించారు. ఆయన కాలంలో ఈ దూరమంతా ఓడ లెక్కే.

2004 డిసెంబరు 26, ఆదివారం, క్రిస్మస్ మరునాడు. ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కంపించింది. కాసేపటికే సునామీ అలలు కార్ నికోబార్ తీరాన్ని ఊడ్చివేశాయి. వైమానిక స్థావరంలో ఉద్యోగులూ వారి కుటుంబసభ్యులూ వందమందికి పైగా చనిపోయారు. తీర గ్రామాలలో పోయిన ప్రాణాలు ఇంకా ఎక్కువ. జెట్టీలు పోయాయి, రోడ్లు పోయాయి. అయినా రన్‌వేలో పాడుకాకుండా మిగిలిన భాగం మీద సహాయ విమానాలు దిగాయి. ఏ బాటను తాతల చేత కొట్టి వేయించారో ఆ బాట మీదనే మనుమల కోసం నీళ్ళూ మందులూ వచ్చాయి.

ఆ రోజున ఇంకొక వింత కూడా జరిగింది. భూకంపంతో ఆ దీవులు తామున్న చోటు నుండి కొన్ని మీటర్లు జరిగాయి, నికోబారు దీవులు సముద్రంలోకి కుంగాయి. అన్నిటికంటే దక్షిణాన ఇందిరా పాయింటు దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా దిగి, ఒడ్డున ఉన్న దీపస్తంభం అడుగు నీళ్ళలో పడింది. స్థిరంగా ఉంటుందనుకొన్న దూరం కూడా ఒక్క ఉదయంలో కొంచెం మారింది.

కుటుంబాలకు నాలుగు మాటలు

మొదటిది. ఆ దీవులలో ఉన్న మీ వారిని ఎంత దూరమని అడగకండి. తరువాతి ఓడ ఎప్పుడు, తరువాతి హెలికాప్టరు ఎప్పుడు అని అడగండి. జవాబు కిలోమీటర్లలో కాక రోజులలో వస్తుంది. అదే నిజమైన దూరం.

రెండవది. కార్ నికోబార్‌కు మనం అనుకోగానే పోలేము. గిరిజనుల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధన ప్రకారం బయటివారికి అనుమతి పత్రం అవసరం. కాబట్టి అక్కడ ఎవరైనా ఉన్నట్లయితే వారి పనిచోటు వివరాలు, బంధుత్వం చూపే కాగితాలు, గుర్తింపు కార్డుల నకళ్ళు ఒక కవరులో పెట్టి ఇంట్లో ఉంచండి. ఆపద రోజున వెదుక్కోవడానికి చేతులు ఆడవు.

మూడవది. ఇంట్లో మరణం సంభవించినప్పుడు భూస్థాపన సమయం నిర్ణయించేముందు దీవిలో ఉన్న బిడ్డతో ఫోనులో మాట్లాడండి. రాగలిగితే ఎప్పటికి రాగలడో అతని నోటనే వినండి. కార్ నికోబార్ నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ఒక ప్రయాణం. అక్కడి నుండి విశాఖకు ఆకాశమార్గాన సుమారు 1,225 కిలోమీటర్లు, చాలాసార్లు చెన్నై మీదుగానో కలకత్తా మీదుగానో చుట్టు తిరగాలి. ఆ పైన ఊరికి బస్సు. ఇందులో ఒక్క మెట్టు తప్పినా ఒక రోజు పోతుంది. రాలేనంటే, నువ్వు లేకుండానే జరిపిస్తాము, నీ మనసు మాకు తెలుసు అని పెద్దవారెవరైనా ఒకరు చెప్పాలి. ఆ మాట తల్లి చెబితే ఇంకా మంచిది.

నాలుగవది. ఆలస్యంగా వచ్చినవాడిని గుమ్మంలోనే నిలబెట్టి లెక్కలు అడగకండి. అతడు ఎన్ని చోట్ల ఎంతసేపు కూర్చొని వచ్చాడో మనకు తెలియదు. ముందు కాళ్ళు కడుక్కోనివ్వండి, ఇంత అన్నం పెట్టండి. ఏడవనివ్వండి. గంట దూరమే కదా అని బంధువులెవరైనా అన్నప్పుడు, పైన చెప్పిన లెక్క తెలిసినవారు ఒకరు ఆ ఇంట్లో ఉంటే, ఒక కుటుంబం విడిపోకుండా నిలుస్తుంది.

పిల్లలు అట్లాసులో ఇంకొక లెక్క వేసుకోవచ్చు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే 7 డిగ్రీల అక్షాంశానికి దగ్గరగా ఉన్నది. పోర్ట్ బ్లెయిర్ నుండి అక్కడికి ఎన్ని సముద్రపు మైళ్ళు? ఇక్కడ తూర్పు పడమరల తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలి సుమా. సుమారు 530 కిలోమీటర్లు వస్తే మీ లెక్క సరైనదే. హెలికాప్టరు వేగంతో భాగించి గంటలు కూడా కట్టండి. తరువాత నాన్నగారిని అడగండి, ఆ గంటలలో వేచి ఉండే రోజులు కలిశాయా అని.